బియ్యప్పిండిలాంటి మట్టి

మా ఆయనకి మట్టి కనిపిస్తే చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలపకుండా ముందుకు కదిలేవారు కాదు. పార్కుకి వెళ్ళినా అంతే, ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే వాళ్ళ పెరట్లోనూ అంతే. పెళ్ళయిన కొత్తలో చీరాలలో మా అమ్మ ఇది చూసి, "అల్లుడుగారు ఏదో పోగొట్టుకున్నట్టున్నారు, వెళ్ళి వెతికిపెట్టవే" అంది. ఆయన నవ్వి, "పోగొట్టుకోలేదత్తయ్యా, పరిచయం చేసుకుంటున్నాను" అన్నారు.

ఆయన పేరు ప్రేమానందం. డిప్లొమా చదివి సాగర్ కాలవల మీద సూపర్‌వైజరుగా పనిచేశారు. డెట్రాయిట్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా ఆడపడుచు కాగితాలు పెట్టి పిలిపిస్తే డెబ్భై ఆరులో మిషిగన్ వచ్చాం. అప్పటికి మా దెబోరాకి ఆరేళ్ళు.

మేం స్థిరపడింది డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో. ఆ రోజుల్లో అక్కడ మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎనిమిది. నెలకి మొదటి శనివారం ఒక్కొక్కరింట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవాళ్ళం. అందరిలోకీ పెద్ద దైవాశీర్వాదం గారు. ఇండియాలో బి.ఇ., ఇక్కడ ఎం.ఎస్. చదివారు. డ్రాయింగుల మీద సొంత ముద్ర వేసే లైసెన్సు ఉన్న ఇంజనీరు. ఆ ముద్ర పడితేనే ఇక్కడి గవర్నమెంటు వాళ్ళు కాగితం ముట్టుకుంటారట. మొదటి కూటంలోనే మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఏ ఊరు తమ్ముడూ?"

"చీరాల దగ్గరండి."

"నాది ఒంగోలు. అక్కడైతే రైలెక్కాలి గానీ ఈ దేశంలో చీరాలకీ ఒంగోలుకీ మధ్య అసలు దూరమే లేదు. నన్ను అండీ గిండీ అనకు. అన్నయ్యా అను చాలు."

రెండు నెలల్లో తన కంపెనీలోనే ఉద్యోగం వేయించారు. ఆయన ఆఫీసులో, ఈయన ఫీల్డులో. "నేను ఎండకి పోలేను, చలికి పోలేను. నా కళ్ళు నువ్వే తమ్ముడూ" అనేవారు. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు మొహం వెలిగిపోవడం నేను చూశాను. చిన్నప్పుడే తండ్రి పోయిన మనిషి. ఆయన్ని ఎవరూ అలా దగ్గరికి తీసింది లేదు.

దైవాశీర్వాదం గారి భార్య కరుణమ్మ నాకు అక్క అయింది. నా మొదటి వింటర్ కోటు ఆవిడదే. కారు నడపడం నేర్పించింది కూడా ఆవిడే.

నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. కానీ అక్షరం గుండ్రంగా ఉంటుందని కూటంలో ప్రార్థనాంశాలు రాసే పని నాకిచ్చారు. నీలం అట్ట పుస్తకం. ఒక్కొక్క అంశానికి తారీఖు, అడిగినవారి పేరు, దేని గురించి, దానికోసం ప్రార్థన చేసినవారి పేరు రాసేదాన్ని. జవాబు వస్తే ఎర్ర పెన్నుతో టిక్కు. ఏటా నవంబరులో కృతజ్ఞత కూటం రోజున టిక్కు పడని అంశాలన్నీ పైకి చదవాలి. పేరు చదవగానే ఆ మనిషి లేచి నిలబడి, జవాబు వచ్చిందో ఇంకా ఎదురుచూస్తున్నారో చెప్పాలి. అది మా పద్ధతి. ఉద్యోగాలు, వీసాలు, నిలవని కానుపులు, తాగుడు, అత్తగార్లు, అన్నీ ఉండేవి అందులో. ఆ పుస్తకాన్ని పప్పుల డబ్బాల వెనకాల దాచేదాన్ని.

డెబ్భై తొమ్మిదిలో వాళ్ళ కంపెనీకి ఒక ఎయిర్‌పోర్టు పని వచ్చింది. మా ఊరికి ఉత్తరంగా గంటన్నర డ్రైవ్‌లో ఉన్న కౌంటీ ఎయిర్‌పోర్టు, కౌంటీ అంటే ఇక్కడి జిల్లా. చిన్నది. రన్‌వే పొడిగించాలి, అంచుల వెంట కొత్త లైట్లు వెయ్యాలి, ప్రయాణికులు కూర్చునే హాలు బాగుచెయ్యాలి. వాటికి కావలసిన కొలతలు, మట్టి పరీక్షలు, డ్రాయింగులు, కట్టేటప్పుడు దగ్గరుండి చూసుకోవడం, ఈ ఇంజనీరింగ్ సర్వీసులన్నీ వీళ్ళవి. దైవాశీర్వాదం గారు దానికి పెద్ద. మట్టి మా ఆయనది.

పొద్దున్నే నిమ్మకాయ పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళేవారు. డ్రిల్లింగ్ మెషిన్ నడిపే అమెరికా వాళ్ళు డబ్బా కనపడగానే "ప్రేమ్, ఎల్లో రైస్?" అని చెయ్యి చాచేవారట. అందుకని రెండు డబ్బాలు కట్టేదాన్ని.

అక్టోబరులో ఒక సాయంత్రం నేను చెక్కలు వత్తడానికి బియ్యప్పిండి తడుపుతున్నాను. ఆయన బూట్లు గరాజ్‌లో వదిలి లోపలికి వచ్చి, నా గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకున్నారు. ఇంకాస్త నీళ్ళు చిలకరించి అరచేతిలో పెట్టుకుని అదిలించారు.

"ఇలా చూడు రూతూ. అదిలిస్తే నీళ్ళు పైకి తేలి మెరుస్తున్నాయా? ఇప్పుడు నొక్కుతాను. చూశావా, మెరుపు పోయింది. నీళ్ళు లోపలికి పోయాయి. మెత్తగా ఉంటుంది, జిగట మాత్రం ఉండదు. ఇవాళ అక్కడ అచ్చం ఇలాంటి మట్టి దొరికింది."

"మంచిదా?"

"రన్‌వే కింద ఇంతకంటే చెడ్డది లేదు. చలికాలం కింది నుంచి నీళ్ళు పీలుస్తుంది. అవి గడ్డకట్టి పైనున్న రోడ్డుని ఎత్తుతాయి. అంతా సమంగా లేస్తే బాధ లేదు. ఆ ఒక్క చోటే లేస్తుంది."

"విమానం?"

"గతుకులో స్కూటరే."

"మరి మందు?"

"ఆ మట్టి తీసేసి ఇసుక నింపాలి. రెండు అంచుల్లోనూ చిల్లుల పైపులు వేసి నీళ్ళు బయటికి పంపెయ్యాలి."

"నా పిండి మాత్రం పాడుచేశారు" అన్నాను. నవ్వి, చెయ్యి కడుక్కోకుండానే నా ముక్కు మీద రాశారు.

ఆ చెక్కలే ఆదివారం మా హాల్లో కూర్చుని దైవాశీర్వాదం గారు తింటుండగా మా ఆయన విషయం చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

"అన్నయ్యా, మెషిన్‌తో వేసిన పరీక్ష బోరింగుల్లో ఆ మట్టి రాలేదు. రెండు బోరింగుల మధ్య గడ్డి మరీ పచ్చగా ఉంటే అనుమానం వచ్చి చేత్తో తవ్వి చూశాను. రెండు వందల అడుగుల పొడుగునా ఉంది."

"బోరింగుల్లో లేదుగా?"

"లేదు, కానీ..."

"ఎక్కడ వెయ్యాలని ప్లాన్ ఉందో అక్కడ వేశాం. గడ్డి పచ్చగా ఉంది కాబట్టి డిజైన్ మార్చామంటే కౌంటీ వాళ్ళు ఏమనుకుంటారు? మా తమ్ముడు ఇండియాలో గేదెలు కాసేవాడని చెప్పనా?"

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు. నవ్వు అయ్యాక, "రాసి ఇవ్వనా అన్నయ్యా?" అన్నారు.

"పేపర్ మీద పెట్టకు. పెడితే మళ్ళీ టెస్టులంటారు, ఈ సీజన్ కాస్తా పోతుంది. నువ్వు నాకు చెప్పావు, నేను విన్నాను, నేను చూసుకుంటాను. మనలో మనకి మెమోలేంటి తమ్ముడూ?" అని ఇంకో చెక్క తీసుకున్నారు.

పది రోజులకి డ్రాయింగులు వచ్చాయి. అందులో పైపులు లేవు.

ఇంకొకరైతే ఏంచేసేవారో నాకు తెలుసు. పైవాళ్ళకి ఒక కాగితం రాసేవారు. తరవాత దెబోరా కూడా అదే అడిగింది, "నాన్న మెమో ఎందుకు రాయలేదు మమ్మీ? వన్ పేజ్!" అని. ఈ దేశంలో పుట్టి పెరిగినట్టే ఉన్న పిల్లకి ఏం చెప్పను? అన్నయ్య మీద పైకి రాయడమంటే ఆయనకి తండ్రి మీద ఫిర్యాదు చేసినట్టు. అలాగని ఊరుకోనూ లేకపోయారు. నలుగురిలో తప్పు పట్టినట్టు కాకుండా ప్రభువు ముందు పెడితే అన్నయ్య మనసే కదులుతుందని అనుకున్నారు. ఆఫీసులో చెప్పవలసిన మాటని కూటంలో చెప్పారు.

ఆ నెల కూటం దైవాశీర్వాదం గారింట్లోనే. బైబిలు వాక్యం అయ్యాక మా ఆయన లేచి చెప్పారు, నేను రాశాను. నాకు ఆ పేజీ చూడకుండా వచ్చు:

"3-11-79. బ్రదర్ ప్రేమానందం. ఎయిర్‌పోర్టు పని గురించి. రన్‌వేలో పద్దెనిమిది వందల అడుగుల నుంచి రెండువేల అడుగుల దాకా బియ్యప్పిండిలాంటి మట్టి ఉంది. పైపులు వెయ్యకపోతే చలికి లేస్తుంది. పెద్దల మనసు కదలాలని. ప్రార్థన చేసినవారు: బ్రదర్ దైవాశీర్వాదం."

అవును, దానికి ప్రార్థన చేసింది ఆయనే. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి మరీ చేశారు. "ప్రభువా, మా తమ్ముడిలోని అనవసరమైన భయాన్ని తీసెయ్యి తండ్రీ. పెద్దలకి లోబడే మనసు దయచెయ్యి" అని. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆయన కూడా కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నారు. నేను రాస్తూ ఉన్నాను.

ఎనభైలో పని పూర్తయింది. రిబ్బన్ కత్తిరించిన రోజు ఫొటోలో దైవాశీర్వాదం గారు కౌంటీ పెద్దల పక్కన ఉన్నారు. మా ఆయన చివర్న ఉన్నారు, సగం భుజమే పడింది. మొదటి చలికాలం ఏమీ కాలేదు. "చూశావా తమ్ముడూ" అని ఆయన వీపు తట్టారు. మా ఆయన సంతోషంగానే తలూపారు.

ఎనభై రెండు జనవరిలో చలి ఎముకలు కొరికింది. ఫిబ్రవరిలో ఆ రన్‌వే మీద దిగిన ఒక చిన్న విమానం ఎగిరిపడి ముందు చక్రం విరిగింది. నడిపే అతనికి భుజం కీలు తప్పింది. చూస్తే రోడ్డు జానెడు ఎత్తు లేచి పగిలి ఉందట. రన్‌వే మూసేశారు.

వారం తిరక్కుండా ఒకరోజు మా ఆయన పగలు పదకొండింటికే ఇంటికి వచ్చారు. ఆఫీసులో ఉండే ఫీల్డు బూట్లు ప్లాస్టిక్ సంచిలో పట్టుకుని ఉన్నారు.

"ఏమైందండీ?"

"మీటింగ్ అయింది. కౌంటీ వాళ్ళు, మా కంపెనీ పెద్దలు అందరూ ఉన్నారు. అక్కడ మట్టి బాగాలేదని మీ ఫీల్డ్ మనిషి ఎప్పుడైనా చెప్పాడా అని అన్నయ్యని అడిగారు."

"ఏమన్నారు?"

"చెప్పలేదన్నారు." ఆయన సంచి కింద పెట్టలేదు. "నేను ఆయన మొహంలోకి చూశాను రూతూ. ఆయన చూడలేదు. ముందున్న కాగితాలు సర్దుకుంటూ చెప్పారు. తరవాత నన్ను అడిగారు, ఎనీథింగ్ ఇన్ రైటింగ్ అని. లేదన్నాను. రేపటి నుంచి రావద్దన్నారు."

నేను వంటింట్లోకి పరుగెత్తి డబ్బాల వెనక నుంచి నీలం పుస్తకం తెచ్చాను. పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. "ఇదిగో రైటింగ్. తారీఖుంది, అడుగులున్నాయి, విన్న మనిషి పేరుంది. తీసుకెళ్ళండి. తెలుగు చదివేవాళ్ళని వాళ్ళే వెతుక్కుంటారు."

ఆయన ఆ పేజీ చివరిదాకా చదివారు. తరవాత మెల్లగా మూసేశారు.

"ఇది ఆఫీసు బల్ల మీద పెడితే ముందు పేజీలూ వెనక పేజీలూ చదవరా? ఎవరి కడుపు నిలవలేదో, ఎవరి మొగుడు తాగొస్తున్నాడో వాళ్ళకెందుకు? ప్రభువు ముందు చెప్పుకున్నది లాయర్ల ముందు పెడతామా?"

"మరి మీ సంగతి?"

"అన్నయ్యే చెప్తారు. ఇవాళ భయపడ్డారు. మనిషన్నాక భయపడడా? కాస్త సద్దుమణిగాక ఆయనే చెప్తారు, చూడు."

ఉద్యోగం పోయిందని ఆయన బాధపడలేదని కాదు. కానీ ఆయనకి కావలసింది ఆ ఒక్క మాట. తమ్ముడు నాకు చెప్పాడు, అని. ఆఫీసులో కాకపోతే మా ఇంట్లో అన్నా చాలు. దానికోసం నాలుగేళ్ళు ఎదురుచూశారు. ఫోన్ మోగితే ఆయనే తీసేవారు.

ఆ ఏడు డెట్రాయిట్ చుట్టుపక్కల ఎక్కడా పనుల్లేవు. పైగా చేసిన పని ఏమిటని అడిగితే చెప్పుకోవడానికి లేకుండా పోయింది. చివరికి మొక్కలు అమ్మే దుకాణంలో చేరారు. మట్టి సంచులు మోసి కొన్నవాళ్ళ కార్లలో పెట్టేవారు. "ఇది మంచి మట్టి రూతూ, నీళ్ళు నిలవనివ్వదు" అని ఒక సంచి ఇంటికి తెచ్చి, దెబోరా చేత బంతి విత్తనాలు వేయించారు.

కూటాలు మానలేదు. అదే గుంపు, అదే అన్నయ్య. ఎదురుపడితే ఆయన "ఏం తమ్ముడూ, హెల్త్ జాగ్రత్త" అనేవారు. ఒకసారి కరుణమ్మక్క వంటింట్లో నేను గ్లాసులు కడుగుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు, "పాపం, డిప్లొమానేగా. పెద్ద పని చేతికిస్తే ఇంతే." నేను తిరిగి చూడలేదు. కరుణమ్మక్క అక్కడే ఉంది. ఏదో ఒకటి అంటుందని నీళ్ళు కట్టేసి ఆగాను. "పెరుగు ఫ్రిజ్‌లో ఉందా?" అంది.

ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ ఏటా నవంబరులో టిక్కు పడని అంశాలు చదివేటప్పుడు ఆ పేజీ వచ్చేసరికి మా ఆయన నా వంక చూసి తల అడ్డంగా ఊపేవారు. నేను దాటేసేదాన్ని. నాలుగేళ్ళు అలాగే దాటేశాను.

ఎనభై ఆరు ఏప్రిల్‌లో దుకాణంలో సంచి దించుతూ కూలబడ్డారు. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. ఆయనకి నలభై ఎనిమిది. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.

సమాధి కూటంలో దైవాశీర్వాదం గారే మాట్లాడారు. చెమ్మగిల్లిన కళ్ళతోనే మాట్లాడారు, కాదనను. "మా తమ్ముడు కష్టజీవి. పనిలో ఒక పొరపాటు జరిగింది, ఎవరికి జరగదు? ప్రభువు క్షమించే దేవుడు. మనమూ క్షమించాం" అన్నారు.

క్షమించాం అన్నారు. పెట్టె ఇంకా మూయలేదు. దెబోరా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మమ్మీ, వాట్ డిడ్ హి జస్ట్ సే?" అంది.

ఆ ఆగస్టులో దెబోరాకి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. "ఎక్కడికి తీసుకెళ్ళను మమ్మీ?" అంటే ఎయిర్‌పోర్టుకి అన్నాను. కంచె పక్కన కారు ఆపింది. రన్‌వే మళ్ళీ తెరిచి మూడేళ్ళయింది. కంచె బయట కాలవలోకి పైపుల మూతులు కనిపించాయి, రెండు. చుట్టూ పచ్చగా గడ్డి. ముందు రోజు వాన పడినట్టుంది, రెండు పైపుల్లోంచీ సన్నగా నీళ్ళు పడుతున్నాయి. రన్‌వే చివర్నుంచి దెబోరా కారు మైలేజి చూసి లెక్క వేసింది. "అబౌట్ టూ థౌజండ్ ఫీట్ మమ్మీ. నాన్న చెప్పినది ఇక్కడే." నేను కాలవ గట్టు మీద చిటికెడు మట్టి తీసి, పైపు నీళ్ళతో తడిపి, అరచేతిలో పెట్టుకుని అదిలించాను. మెరిసింది. నొక్కాను. మెరుపు పోయింది. మళ్ళీ అదిలించాను.

ఆయన చెప్పినట్టే, చెప్పిన చోటే పైపులు వేశారు. వేయించిన వాళ్ళకి ఆయన పేరు తెలియదు.

ఆ నవంబరు కృతజ్ఞత కూటం కూడా దైవాశీర్వాదం గారింట్లోనే వచ్చింది. వెళ్ళాను. నా వంతు వచ్చినప్పుడు నీలం పుస్తకం మొదటి నుంచీ తీసి చదవడం మొదలుపెట్టాను. చదివిన పేరుకల్లా ఎవరో ఒకరు లేచి రెండు మాటలు చెప్పి కూర్చుంటున్నారు. ఆ పేజీ వచ్చింది. అలవాటుకొద్దీ పక్కకి చూశాను. తల ఊపడానికి ఎవరూ లేరు.

చదివాను. తారీఖుతో సహా, అడుగులతో సహా, ప్రార్థన చేసినవారి పేరుతో సహా. ఒక్క అక్షరం పోలేదు.

ఒకరిద్దరు దైవాశీర్వాదం గారి వంక చూసి వెంటనే తల దించుకున్నారు. వాళ్ళందరూ ఆ రోజు ఉన్నవాళ్ళే. ఆమెన్ అన్నవాళ్ళే.

"అడిగిన మనిషి లేచి చెప్పడానికి లేరు" అన్నాను. "జవాబు తెలిసినవారు ఎవరైనా చెప్తే టిక్కు పెడతాను."

దైవాశీర్వాదం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా రూతూ, నీ బాధ నాకు తెలుసు. కానీ ఇది కూటం. ఆఫీసు సంగతులు ఇక్కడెందుకమ్మా?"

"అవును బావగారూ. కూటం సంగతి ఆఫీసుకి వద్దనే ఆయన ఈ పుస్తకం తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళి ఉంటే ఈ పేజీ ఆ మీటింగులోనే చదివేవారు."

ఆయన నోరు తెరిచారు. ఆ ఒక్క మాట వస్తుందని నేను నిజంగానే అనుకున్నాను. ఎర్ర పెన్ను మూత కూడా తీశాను. ఆయన తన చేతులు చూసుకుని, "తర్వాతది చదువమ్మా" అన్నారు.

తర్వాతది చదివాను. ఎవరిదో గ్రీన్ కార్డు.

భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. దెబోరా కూర్చుంది.

రెండు వారాల తరవాత కరుణమ్మక్క మా ఇంటికి వచ్చింది. కోటు విప్పలేదు.

"రూతూ, అందరం అనుకున్నాం. నువ్వు చాలా అలసిపోయావు. ఇకనుంచి పుస్తకం మన కూటంలో పిల్ల, విద్య, రాస్తుందిలే. చిన్నపిల్ల, ఓపికుంది."

"అలాగే అక్కా."

వంటింట్లోకి వెళ్ళి పుస్తకం తీశాను. ఆ పేజీ చింపి ఉంచుకుందామా అనిపించింది. కాగితం వెనక్కి తిప్పి చూశాను. అదే రోజు, అదే కూటంలో రాసింది: "సిస్టర్ కరుణమ్మ. భర్త రక్తపోటు గురించి. ప్రార్థన చేసినవారు: బ్రదర్ ప్రేమానందం." పక్కన ఎర్ర టిక్కు ఉంది. చింపలేదు.

పుస్తకం చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకోలేదు, అలాగే పట్టుకుని నిలబడింది.

"ఆ పేజీ అందులోనే ఉందా?"

"ఉందక్కా. మీకు కూడా తెలుసు ఎక్కడుందో."

ఆవిడ కళ్ళెత్తి చూసింది. అప్పుడైనా ఏమన్నా అంటుందేమోనని చూశాను. కోటు నాకు తొడిగి బొత్తాలు పెట్టిన మనిషి. స్టవ్ మీద కాఫీకి పాలు పెట్టాను, పొంగుతున్నాయి.

"కూర్చోండక్కా, ఒక్క నిమిషం."

"లేదు, ఆయన కారులో ఉన్నారు" అంది.

కిటికీలోంచి చూశాను. ఆయన ఇంజన్ ఆపలేదు, ఇంటి వంక చూడలేదు. కరుణమ్మక్క పుస్తకాన్ని కోటు లోపల పెట్టుకుని మంచులో జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళింది. పదేళ్ళలో మా ఇంట్లో కాఫీ తాగకుండా ఆవిడ వెళ్ళడం అదే మొదలు.

ఇప్పటికి రెండేళ్ళయింది. ఆ పేజీ అందులో ఉందో లేదో నాకు తెలియదు. అందుకని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాశాను.